నీలం మూలన నిలబడ్డవాళ్ళు

చప్పిడక్క ముక్కు మొదటిసారి విరిగింది ఇంట్లోనే, వంటింటి గడప మీద. తండ్రి విసిరిన ఇత్తడి చెంబు తమ్ముడి మీదికి వస్తుంటే మధ్యలోకి దూరింది. చెంబుకీ సొట్ట పడింది, ముక్కుకీ సొట్ట పడింది. చెంబుని మర్నాడు తల్లి బజారుకి పంపి సొట్ట తీయించింది. ముక్కు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తండ్రి లారీ డ్రైవరు. ఇంటి ముందు లారీ ఆగిన తీరుని బట్టి ఆ పూట దెబ్బలు ఎవరివంతో పిల్ల చెప్పేసేది. బ్రేకు కీచుమంటే తల్లికి. హారన్ మోగితే పిల్లలకి. ఏ చప్పుడూ లేకుండా మెల్లగా ఆగిందంటే అందరికీ. అలా ఆగినప్పుడు తమ్ముణ్ణి మంచం కిందికి తోసి, తను మంచానికి అడ్డంగా కూర్చుని, గడ్డం గుండెకి ఆనించి, మోచేతులు డొక్కలకి అదుముకుని ఉండేది. అలా కూర్చుంటే తగిలే దెబ్బలన్నీ భుజాల మీదే పడతాయని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఒళ్ళే నేర్చుకుంది.

వీధిలో పిల్లలు చప్పిడిముక్కు అన్నారు. తమ్ముడు అక్కా అన్నాడు. ఆ రెండూ కలిసి ఎప్పుడో చప్పిడక్క అయింది. అసలు పేరు ఓటు వేసే రోజున తప్ప ఎవరికీ పనికిరాలేదు.

వాళ్ళ వీధి చివర పాత ధాన్యం గోడౌను ఒకటి ఉండేది. అందులో బాక్సింగు నేర్పేవారు. చేతులు మొహానికి అడ్డం పెట్టుకోవడం అక్కడ నేర్పుతారట అని విని, తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. నేర్పే ఆయన్ని అందరూ సుత్తి మాస్టారు అనేవారు. చేతి సుత్తి చూసి ఆ పేరు పెట్టారో, నోటి సుత్తి విని పెట్టారో తెలియదు. ఆయన తమ్ముణ్ణి వదిలేసి అక్కని చూశాడు.

"ఏదీ, నిన్ను కొట్టబోతున్నాననుకో. ఎలా నిలబడతావు?"

నిలబడింది. మాస్టారు ఆ పిల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఎవరు నేర్పారమ్మా ఇలా నిలబడటం?"

"మా నాన్నండీ."

"ఆయన బాక్సరా?"

"కాదండీ. లారీ డ్రైవరు."

మాస్టారు ఆ తరవాత ఏమీ అడగలేదు. ఆయన జన్మలో మాట్లాడకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే అంటారు.

ఇంట్లో తిన్న దెబ్బలకి లెక్కాపత్రం లేదు. ఇక్కడ తిన్నవాటికి చప్పట్లు కొట్టారు. అక్క కొట్టింది, కొట్టించుకుంది, అవతలివాళ్ళు తమ పళ్ళు చేతిలో పట్టుకుని బయటికి నడవడం చూసింది, తన రక్తం తను మింగింది. పక్కనే తమ్ముడూ గ్లవ్సు తొడిగి పెరిగాడు. ఒకనాడు లారీ మెల్లగా ఆగింది. తండ్రి బెల్టు తీశాడు. పదిహేనేళ్ళ తమ్ముడు మంచం కిందికి వెళ్ళలేదు. ఒక్క గుద్దు గుద్దాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. తండ్రి నీళ్ళ తొట్టి మీద వెల్లకిలా పడి, చెవిలోంచి రక్తం కారుతుంటే లేచి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తల్లి తొట్టి కడుక్కుంటూ ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆవిడకే తెలియాలి. చప్పిడక్క మాత్రం తమ్ముడి మొహంలోకి చూసింది. వాడు తన పిడికిలిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, కొత్త బొమ్మ దొరికినట్టు. ఆ చూపు ఆవిడకి నచ్చలేదు. నచ్చలేదని అనడానికి నోరు రాలేదు. వాడి గుద్దు వల్లే కదా ఆ పూట ఇంట్లో అందరూ కడుపు నిండా తిని పడుకున్నారు.

రెండోసారి ముక్కు విరిగింది రింగులో. ముక్కుతో పోలేదు. ఎడమకన్ను వెనకాల పొర ఊడింది. చావు తప్పి కన్ను లొట్టబోయింది అంటారే, ఆవిడకి అది సామెత కాదు. ఇక గ్లవ్సు తొడగకూడదని డాక్టరు చెప్పేశాడు. బాక్సింగు సంఘంవాళ్ళు జాలిపడి ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆఫీసంటే మెట్ల కింద ఒక గది, ఒక కంప్యూటరు, తలుపు సరిగా పడని ఒక ఇనప బీరువా. ఎవరైనా మెట్లెక్కితే నెత్తిన దుమ్ము రాలేది.

కంప్యూటరు పని సాయంకాలం క్లాసుల్లో నేర్చుకుంది. నేర్పిన మేడమ్ టేబుల్స్ అంటుంటే మొదట్లో బల్లలేమో అనుకుంది. తరవాత తన పద్ధతిలో తను అర్థం చేసుకుంది. బాక్సర్లందరూ ఒక అలమారలో ఉంటారు, ఒక్కొక్కరికీ ఒక నంబరు. జరిగిన పోటీలన్నీ ఇంకో అలమారలో. అక్కడ పేర్లుండవు, నంబర్లే ఉంటాయి, ఎర్ర మూల ఎవరు, నీలం మూల ఎవరు, ఎవరు గెలిచారు, ఎలా గెలిచారు. ఈ అలమారలో మనిషికీ ఆ అలమారలో దెబ్బకీ ముడి వేయడమే జాయిన్. గిన్నెలకి మూతలు సరిచూసినట్టే. మామూలు జాయిన్ వేస్తే మూత దొరికిన గిన్నెలే అటక మీదికెక్కుతాయి, మూత లేనివి లెక్కలోకే రావు. లెఫ్ట్ జాయిన్ వేస్తే మూత ఉన్నా లేకున్నా గిన్నెలన్నీ వస్తాయి, లేని చోట ఖాళీ కనిపిస్తుంది. ఏ మూత ఏ గిన్నెదో చెప్పే మాట 'ఆన్' తరవాత రాయాలి. అక్కడ తప్పు రాస్తే కంప్యూటరు ఏమీ అనదు. నువ్వు చెప్పినట్టే చేస్తుంది. ఇంటికొచ్చిన కొత్తకోడలిలాగ.

సంఘంలో ఒక నియమం ఉంది. తలకి దెబ్బ తగిలి నాకౌట్ అయిపోయినవాళ్ళు మూడు నెలలు రింగు ఎక్కకూడదు. తల లోపల వాపు పైకి కనబడదు, మానకముందే మళ్ళీ దెబ్బ పడితే మనిషి మనిషిగా లేవడు. అందుకని ప్రతి పోటీకి ముందూ చప్పిడక్క ఒక క్వెరీ, అంటే కంప్యూటరుని అడిగే ప్రశ్న, నడిపేది. బాక్సర్లనీ పోటీలనీ ముడివేసి, నాకౌట్ అయి మూడు నెలలు నిండనివాళ్ళ పేర్లు పైకి లాగేది. పేర్లేవీ రాకపోతే అందరూ క్షేమం. అప్పుడు హాల్లోకి వచ్చి "అందరూ సరే" అని అరిచేది. బాక్సర్లు ఆటపట్టించేవారు.

"అక్కా, నా పేరు తీసేసి మా అత్తగారి పేరు పెట్టవూ? ఆవిడైతే మొదటి రౌండులోనే పడగొట్టేస్తుంది."

"మీ అత్తకి వయసు దాటిపోయిందిరా. నీకింకా రాలేదు. అదీ బాధ."

ఆ క్వెరీలో జాయిన్‌ని ఆవిడ ఎర్ర మూల నంబరుతోనే వేసింది. దానికి కారణం ఉంది. ఆ హాల్లో మర్యాద తలకిందులు. ఎర్ర మూల నీళ్ళ కుళాయి పక్కన, గాలి తగిలే చోట ఉంటుంది. అది ఎప్పుడూ ఇంటివాళ్ళదే. నీలం మూల మీద పైకప్పు రేకు కారుతుంది, అది వచ్చినవాళ్ళది. తమ సంఘం పిల్లలు ఎప్పుడూ ఎర్ర మూలే కాబట్టి, ఎర్ర మూలతో ముడి వేస్తే అందరూ వచ్చేసేవారు. వచ్చినవాళ్ళ సంగతి వాళ్ళ సంఘం చూసుకునేది. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది, ఎవరికీ గోరంత కూడా తేడా రాలేదు.

ఆ చలికాలంలో మొదటిసారి తమ పిల్లల్ని పక్క ఊరి పోటీలకి పంపారు. సుత్తి మాస్టారితో తమ్ముడు వెళ్ళాడు, తమ దగ్గరే నేర్చుకుంటున్న దర్జీ కూతురు వెళ్ళింది, ఇంకొందరు వెళ్ళారు. తిరిగొచ్చాక తమ్ముడు "పాయింట్ల మీద ఓడానక్కా, ఆ రెఫరీ వాళ్ళ బావమరిది" అన్నాడు. చెంప వాచి ఉంది. చప్పిడక్క ఉప్పు మూట కాచి కాపడం పెట్టింది. మర్నాడు వాడు చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుని బజారుకి బయల్దేరితే నవ్వింది కూడా. "పెళ్ళి చేస్తే పెళ్ళాం సరిచేస్తుందిలే" అంది. పక్క ఊరివాళ్ళు పోటీల ఫలితాలు ఫైలుగా పంపారు. ఆవిడ వాటిని గంపగుత్తగా పోటీల టేబుల్లోకి ఎక్కించింది. ఎవరింట్లో వాళ్ళది ఎర్ర మూల. అక్కడ తమ పిల్లలు నిలబడింది నీలం మూలన. అది ఆవిడకి తట్టలేదు.

*

రెండు నెలలు తిరక్కుండానే పెద్ద పోటీలు వచ్చాయి. ఆ ఏడు గెలిచినవాడికి అగ్నిమాపక శాఖలో ఉద్యోగం ఇస్తామన్నారు. వయసు హద్దు ఉంది, తమ్ముడికి అదే ఆఖరి అవకాశం. వాడు ఫైనలుకి వచ్చాడు. సాయంత్రం ఆట. చప్పిడక్క క్వెరీ నడిపింది, ఒక్క పేరూ రాలేదు, "అందరూ సరే" అని అరిచింది.

పొద్దున్న ఆడపిల్లల ఆటలు. దర్జీ కూతురు ఎర్ర మూలన ఎక్కింది. పొట్టి పిల్ల, తూటాలా ఉంటుంది. అవతలి పిల్లని తాళ్ళ దాకా తోసుకుపోయి కడుపులో రెండు గుద్దింది. అవతలి పిల్ల ఊపిరి అందక, గుడ్డిగా చెయ్యి చాపింది. అది దెబ్బ కూడా కాదు, తలుపు తట్టినట్టు నుదుటికి తగిలింది. దర్జీ కూతురు ఎడమ మోకాలు మడిచిన గొడుగులాగ ముడుచుకుంది. నిలువునా కూలిపోయింది. కింద పడ్డాక కాళ్ళు వాటంతటవే కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పళ్ళ మధ్య పెట్టే రబ్బరు ముక్క నురగతో బయటికొచ్చింది. డాక్టరు తాళ్ళ మధ్యనించి దూకాడు. హాలంతా లేచి నిలబడింది. ఈలలు వేస్తున్నవాళ్ళు వేళ్ళు నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయారు.

అంబులెన్సులో డాక్టరు ఎక్కాడు, చప్పిడక్క ఎక్కింది, దర్జీ ఎక్కాడు. ఆయన మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది. దుకాణంలోంచి అలాగే వచ్చేశాడు. కూతురి పాదాలు పట్టుకుని కదలకుండా నొక్కుతున్నాడు.

"అక్కడ కూడా ఇలాగే పడిందమ్మా," అన్నాడు.

"ఎక్కడ బాబాయ్?"

"పక్క ఊళ్ళో. పడి, రెఫరీ లెక్కపెట్టేలోగా లేవలేదట. ఇంటికొచ్చి వారం రోజులు తలనొప్పి అంది. సూదిలో దారం ఎక్కించలేకపోయింది. వద్దే తల్లీ అన్నాను. అక్క కంప్యూటరులో చూసి చెబుతుంది నాన్నా, అక్క సరే అంటేనే ఎక్కుతాను అంది. నువ్వు సరే అన్నావుగా."

ఆయన గొంతులో నింద లేదు. ఉంటే బాగుండేది. చప్పిడక్కకి డొక్కలో ఎవరో మోకాలితో పొడిచినట్టయింది. అడ్డం పెట్టుకోడానికి చేతులు లేవలేదు.

ఆసుపత్రిలో పిల్ల తల కోయాలన్నారు. లోపల రక్తం గడ్డకట్టిందట. పిల్లని లోపలికి తోసుకెళ్ళాక దర్జీ గోడవారన కూలబడ్డాడు. చప్పిడక్క ఆయన పక్కన ఒక్క క్షణం కూర్చుని, లేచి, ఆటో ఎక్కి ఆఫీసుకి వచ్చింది. తన క్వెరీ ఆ పిల్లని ఎందుకు పట్టలేదో తెలియకుండా ఆవిడకి ఊపిరాడేలా లేదు.

పోటీల టేబుల్లో దర్జీ కూతురి నంబరు కొట్టి వెతికింది. వరుస అక్కడే ఉంది. గెలుపు ఎర్ర మూల. పద్ధతి నాకౌట్. నీలం మూలన దర్జీ కూతురు. మూతలేని గిన్నె కాదు, మూత ఉంది, పక్కనే ఉంది. తనే వేరే మూతతో సరిచూసింది. 'ఆన్' అన్న మాట తరవాత తన చేత్తో తను రాసుకున్నదాన్ని చూసింది. ఎర్ర మూల. అంతే. నీలం మూలన నిలబడ్డ తన పిల్లల్ని ఆ ముడి తాకనే లేదు.

సరిచేయడం పెద్ద పనేం కాదు. ఒకే బాక్సర్ల టేబుల్ని రెండు మారుపేర్లతో రెండుసార్లు పిలవాలి, ఒకసారి ఎర్ర మూల నంబరుతో, ఒకసారి నీలం మూల నంబరుతో. ఒకే మనిషి ఒకింట్లో కూతురు, ఇంకో ఇంట్లో కోడలు అయినట్టు. అక్షరాలు తప్పులు పడుతున్నాయి, చెరిపి చెరిపి రాసింది. నడిపింది.

రెండు పేర్లు వచ్చాయి. మొదటిది దర్జీ కూతురు. రెండోది తమ్ముడు.

పైన ఎవరో మెట్లెక్కుతున్నారు. దుమ్ము రాలి మీటల మీద పడింది. దాన్ని తుడిచి, తప్పేమోనని మళ్ళీ నడిపింది. అవే రెండు పేర్లు వచ్చాయి.

*

సంఘం సెక్రటరీ అతిథుల వరసలో కుర్చీలు సర్దిస్తున్నాడు. చల్లని మనిషే, ఎవరినీ ఒక మాట అనడు. ఎవరి మాటా వినడు కూడా.

"అయ్యా, మావాణ్ణి దించేయాలి. పక్క ఊళ్ళో నాకౌట్ అయ్యాడు. నా క్వెరీలో తప్పు వల్ల తెలియలేదు."

"ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది."

"ఫైరు ఆఫీసరుగారు వచ్చి కూర్చున్నారమ్మా. టికెట్లు తెగాయి. ఆ రిపోర్టు రేపు పొద్దున్న తీయి."

"తీసేశానండీ."

"కరెంటు పోయిందనుకో."

"పొద్దున్న పడిన పిల్ల పోయేలా ఉందండీ!"

"అందుకే కదా డాక్టరుని వెంట పంపాం. ఆయన బదులు ఇంకో డాక్టరు వచ్చాడు, అదిగో."

రింగు పక్కన కుర్చీలో కూర్చున్నాయన్ని చప్పిడక్క ఎరుగును. పళ్ళ డాక్టరు. తన దవడపన్ను పీకింది ఆయనే.

"పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం," అంది పళ్ళు బిగించి.

"ఎలుక నీ తమ్ముడే కదమ్మా. వాడు దిగిపోతానంటే నేను పట్టుకుంటానా? వెళ్ళి అడుగు."

వెళ్ళింది. బాక్సర్లు బట్టలు మార్చుకునే గదిలో తమ్ముడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సుత్తి మాస్టారు వాడి చేతికి గుడ్డపట్టీ చుడుతున్నాడు.

"ఒరేయ్, అక్కడ పడిపోయావా?"

"ఎవరన్నారు?"

"టేబుల్ అంది."

"దానికి నోరు కూడా ఉందా?"

మాస్టారు తలెత్తకుండా అన్నాడు, "పడ్డాడమ్మా, కానీ లేచాడు. ఆ రెఫరీ తొందరపడ్డాడు. నా రోజుల్లో అయితే..."

"మీ రోజుల సంగతి తరవాత మాస్టారూ. దర్జీ కూతురు కూడా లేచింది. ఇంటికొచ్చింది, వారం తలనొప్పి అంది, ఇవాళ పడింది. ఇద్దర్నీ ఒకే బస్సులో తీసుకొచ్చారు. నోరు మూసుకోమని ఇద్దరికీ మీరే చెప్పారా?"

పట్టీ చుట్టే చెయ్యి ఆగింది. మాస్టారు మాట్లాడలేదు. ఇంతకు ముందు ఒక్కసారే అన్నాను, ఇది రెండోసారి.

తమ్ముడు బల్ల దిగాడు. "దానికి నీ కంప్యూటరు సరే అంది. నువ్వు హాల్లోకొచ్చి అరిచావు. తప్పు నీది. నీ తప్పు కడుక్కోవడానికి నన్ను దించుతావా?"

"తప్పు నాదే. కడిగితే పోయేది కాదు. నువ్వు దిగరా."

"దిగి? నీ వంటింట్లో గిన్నెలు తోమనా? ఇది పోతే నాకు వయసు లేదక్కా. రేపట్నించి ఎవడి మూటలు మోయను నేను?"

"నా మూటలు మొయ్యి. బతికుండు."

వాడి కుడిచెయ్యి వచ్చింది. ఆవిడ చెవి పక్కనించి వెళ్ళి వెనకాల గ్లవ్సు దాచే ఇనప బీరువా తలుపు మీద పడింది. ఆ చప్పుడుకి హాల్లోవాళ్ళు కూడా ఇటు తిరిగారు. చప్పిడక్క కదల్లేదు. గడ్డం గుండెకి ఆనించి, మోచేతులు డొక్కలకి అదుముకుని ఉంది, తనకి తెలియకుండానే. మెల్లగా తల తిప్పి చూసింది. తలుపుకి పిడికిలంత సొట్ట.

"నాన్న చెయ్యిరా అది," అంది.

తమ్ముడి మొహం పాలిపోయింది. ఒక్క రెప్పపాటు. తరవాత గ్లవ్సు తీసుకుని, మాస్టారు ముందు చేతులు చాపి, "కట్టండి" అన్నాడు.

*

ఫైనల్లో అవతలివాణ్ణి ఇటుకలబట్టీ అనేవారు. బట్టీలో పనిచేసి వచ్చినవాడు, మెడా భుజమూ ఒకటే. చప్పిడక్క రింగు పక్కన బల్ల దగ్గర కూర్చుంది. టైము రాయడం ఆవిడ పని. ఆవిడ టైము చూడలేదు. తమ్ముడి ఎడమ మోకాలిని చూస్తోంది.

మొదటి రౌండు తమ్ముడిదే. ఎంత కోపం మింగి వచ్చాడో అంతా కక్కేశాడు. ఇటుకలబట్టీ కనుబొమ్మ చిట్లింది, రక్తం కంట్లోకి కారింది, ఈలలు, అరుపులు, కుర్చీల మీద చరుపులు. ఫైరు ఆఫీసరు కూడా ముందుకి వంగాడు. రెండో రౌండులో బట్టీవాడు తేరుకున్నాడు. తొందరపడే మనిషి కాదు. ఒక్కొక్క ఇటుకా పేర్చినట్టు కొట్టాడు. డొక్కలో ఒకటి. మళ్ళీ అక్కడే ఒకటి. తమ్ముడి మోచెయ్యి కిందికి దిగింది. అప్పుడు పైన, చెవి మీద ఒకటి. తమ్ముడు పెదవి చిట్లి, దవడ పక్కకి జరిగి, రక్తం ఉమ్మి, మళ్ళీ ముందుకే వెళ్ళాడు. నుదురు పగిలి కళ్ళ మీదికి ధార కట్టింది. గాలిని కొడుతున్నాడు. తాడుని కొడుతున్నాడు.

ఎడమ మోకాలు ఒకసారి ముడుచుకుంది. మళ్ళీ నిలబడింది.

చప్పిడక్క అప్పటికే లేచింది. కాలు తగిలి బల్ల పడిపోయింది. గంట దొర్లి గణగణమంది. జనం రౌండు అయిపోయిందనుకున్నారు. ఆవిడ తాళ్ళ మధ్యనించి దూరి, బట్టీవాడికి వీపు పెట్టి, తమ్ముడికి ఎదురుగా నిలబడింది. బట్టీవాడు ఆడమనిషిని చూసి చెయ్యి ఆపుకున్నాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, పాపం, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

తమ్ముడు ఆపుకోలేదు. ఎదురుగా ఏదో ఆకారం. కొట్టాడు. కుడిచెయ్యి, నిండు బలంతో, నడిముక్కు మీద.

ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. చప్పిడక్క మోకాళ్ళ మీద పడింది గానీ వాడి నడుము వదల్లేదు. వాడు ఆ తల మీద, వీపు మీద ఇంకా కొడుతూనే ఉన్నాడు. రెఫరీ వాణ్ణి వెనకనించి పట్టి లాగాడు. మాస్టారు ముసలికాళ్ళతో తాళ్ళెక్కి వచ్చి వాడి చేతుల మీద పడిపోయాడు. అప్పుడు ఆగాడు. కిందికి చూశాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు.

చప్పిడక్క నోరు తెరిస్తే రక్తమే వచ్చింది.

తమ మనిషి రింగులోకి దూరితే తమ ఆటగాడు ఓడినట్టే. అది నియమం. బట్టీవాడి చెయ్యి పైకెత్తారు. జనం చప్పిడక్క మీదికి నీళ్ళ సీసాలు విసిరారు. తమ్ముడి ఉద్యోగం మింగేసిన అక్క అని ఒకడు, బట్టీవాడి దగ్గర ఎంత తిన్నావే అని ఒకడు. సెక్రటరీ ఆఫీసరుగారికి దణ్ణాలు పెడుతూ బయటికి తీసుకుపోయాడు. పళ్ళ డాక్టరు ఆవిడ గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసి, పళ్ళన్నీ బాగానే ఉన్నాయన్నాడు.

*

తమ్ముడి తలని ఆసుపత్రిలో ఫొటో తీశారు. ఏమీ కనిపించలేదు. కాగితం తెచ్చి అక్క మంచం మీద పడేశాడు.

"చూశావా? శుభ్రంగా ఉంది. ఏమంటావు?"

ఆవిడ మొహమంతా కట్టు. కట్టులోంచే అంది. "నన్నెవరని అడిగావురా."

"రక్తం కళ్ళలో పడింది. కనబడలేదు."

"సరే."

"సరే ఏంటి సరే? నా బతుకు నాశనం చేసి సరే అంటావేంటి?"

"నాశనమే అనుకో. అనుకోడానికి నువ్వున్నావు."

వాడు ఆ రోజునించి మాట్లాడటం మానేశాడు. సామాన్ల దుకాణంలో మూటలు మోయడానికి కుదిరాడు. అన్నం వేళకి వస్తాడు, కంచం ముందు కూర్చుంటాడు, లేచి పోతాడు. ఆవిడ వడ్డిస్తుంది. అత్తాకోడళ్ళయినా అంత మౌనంగా ఉండరని తల్లి విసుక్కుంటుంది.

దర్జీ కూతురు బతికింది. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. మాటకి మాట వెతుక్కుంటుంది. చప్పిడక్క వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల ఎడమచేత్తో గుండీలు కుట్టడం నేర్చుకుంటూ కనబడుతుంది. దర్జీ సూదిలో దారం ఎక్కించి అందిస్తాడు. చప్పిడక్కని కూర్చోమంటాడు, మంచినీళ్ళిస్తాడు. సరే అన్నావుగా అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆవిడకి మాత్రం ఆ ఇంటి గడప దాటేటప్పుడు ప్రతిసారీ డొక్కలో మోకాలు పొడుస్తుంది.

సంఘంవాళ్ళు ఆవిడని తీసేస్తారనుకున్నారు. తీయలేదు. ఆ క్వెరీ నడపడం ఇంకెవరికీ రాదు. ముక్కు మానకముందే వచ్చి కూర్చుని, పాత పోటీలన్నిటి మీదా రెండు మూలలతో మళ్ళీ ముడి వేసింది. ఇప్పుడు హాల్లోకొచ్చి "అందరూ సరే" అని అరవదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, గడ్డం పట్టుకుని, కళ్ళలోకి చూసి, "బయటి ఊళ్ళో పడ్డావా?" అని అడుగుతుంది. బాక్సర్లకి ఇప్పుడు అత్తగారి జోకులు రావు.

మొన్నొక రోజు పొద్దున్నే తమ్ముడు దుకాణానికి బయల్దేరాడు. గడప దాకా వచ్చి చెప్పుల కోసం వంగాడు. చొక్కా గుండీలు, పక్క ఊరినించి వచ్చిన మర్నాటిలాగే, ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకున్నాడు. ఒక పక్క అంచు కిందికి వేలాడుతోంది. వాడు చూసుకోలేదు. చప్పిడక్క చూసింది.

దగ్గరికెళ్ళి పై గుండీ విప్పింది. తరవాతది విప్పింది. వాడు ఒళ్ళు బిగుసుకుని నిలబడ్డాడు, పిడికిళ్ళు రెండూ మూసుకుని. ఆవిడ కింది నించి మొదలుపెట్టి ఒక్కొక్క గుండీని దాని కాజాలో పెట్టుకుంటూ వచ్చింది. అన్నీ పెట్టేదాకా వాడు కొట్టలేదు, కదల్లేదు. ఆవిడ మాత్రం అంతసేపూ గడ్డం గుండెకి ఆనించే ఉంది.